నాస్‌లో డ్రైవ్ పోతోందా? డేటా పోకుండా మార్చి, స్టోరేజ్ పెంచుకునే పద్ధతి

హార్డ్ డ్రైవ్ ఎప్పుడో ఒకప్పుడు పోతుంది. నిమిషానికి 5,400 లేదా 7,200 సార్లు తిరిగే పళ్లేలు, వాటి మీద వెంట్రుక మందంలో వెయ్యో వంతు కూడా లేని ఎత్తులో తేలే హెడ్‌లు, రాత్రీ పగలూ అదే పని. కాబట్టి ఇంట్లో సర్వర్ పెట్టుకున్న ప్రతి ఒక్కరికీ డ్రైవ్ మార్చే రోజు ఒకటి వస్తుంది. నాలుగు స్క్రూలు విప్పి బిగించడం పది నిమిషాల పని. ఆ పది నిమిషాలకి ముందు ఏం చేశాం, తర్వాత ఏం చేశాం అన్నదాని మీదే మన డేటా మిగలడం ఆధారపడి ఉంటుంది.

నరసరావుపేటలో మా ఇంట్లో నడిచే సర్వర్‌లో ఈ మధ్యే ఒక డ్రైవ్ పాడవడం మొదలైంది. దాన్ని మార్చి, పనిలో పనిగా స్టోరేజ్‌ని 4 టీబీ నుంచి 8 టీబీకి పెంచాను. అదే క్రమంలో ఈ పాఠం చెప్తాను. చిన్న ఊళ్లో ఉండేవాళ్లకి ఇందులో కొన్ని విషయాలు ప్రత్యేకంగా పనికొస్తాయి.

మా సెటప్ చాలా మామూలుది. పాత డెస్క్‌టాప్ ఒకటి, అందులో ట్రూనాస్, రెండు 4 టీబీ డ్రైవ్‌లు మిర్రర్‌లో. అంటే ఒకే డేటా రెండు డ్రైవ్‌ల మీదా ఉంటుంది, ఒకటి పోయినా రెండోది నడిపిస్తుంది. గూగుల్ ఫొటోస్ 2021 జూన్ 1 నుంచి ఉచిత అన్‌లిమిటెడ్ స్టోరేజ్ ఆపేశాక మాలాగే చాలామంది ఈ దారి పట్టారు. సర్వర్‌లో సినిమాలు, పాత గేమ్‌లు ఉన్నాయి. అవి పోతే మళ్లీ డౌన్‌లోడ్ చేసుకుంటాం. కానీ అక్క పెళ్లి పూర్తి ఫుటేజ్, నాన్న పొలం కాగితాల స్కాన్‌లు, కోటప్పకొండ తిరునాళ్లలో ప్రభ పక్కన నిలబడి తాతయ్య మాట్లాడిన వీడియోలు కూడా అందులోనే ఉన్నాయి. తాతయ్య ఇప్పుడు లేరు. ఆ గొంతు ఏ సైట్‌లోనూ దొరకదు.

కాబట్టి మొదటి పని ఇది: మీ డేటాని రెండు ఫోల్డర్లుగా విడదీయండి. మళ్లీ సంపాదించుకోగలిగేది ఒకటి, ఎంత ఖర్చు పెట్టినా రానిది ఇంకొకటి. మాకు మొత్తం 3 టీబీ ఉంటే రెండో రకం 600 జీబీ మాత్రమే. కింద చెప్పే జాగ్రత్తలన్నీ ముందు ఆ రెండో ఫోల్డర్ కోసమే.

డ్రైవ్ పోతోందని ఎలా తెలుస్తుంది?

ప్రతి హార్డ్ డ్రైవ్ తన ఆరోగ్యాన్ని తానే లెక్క రాసుకుంటుంది. దాన్నే స్మార్ట్ రిపోర్ట్ అంటాం. విండోస్‌లో క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో, లైనక్స్‌లో స్మార్ట్‌సీటీఎల్ దాన్ని చూపిస్తాయి. చాలా నాస్‌ల్లో డిస్క్ హెల్త్ పేజీలోనే కనిపిస్తుంది. అందులో పాతిక వరసలు ఉన్నా మనం చూడాల్సినవి నాలుగు:

5వ నంబర్: రీఎలొకేటెడ్ సెక్టార్లు. పాడైన చోటుని వదిలేసి డ్రైవ్ తన దగ్గరున్న అదనపు చోటు వాడుకున్న లెక్క ఇది.

197వ నంబర్: పెండింగ్ సెక్టార్లు. చదవడానికి ఇబ్బంది పెడుతూ, ఇంకా ఏమీ తేలని చోట్లు.

198వ నంబర్: ఇక చదవడం కుదరదని తేలిపోయిన సెక్టార్లు.

199వ నంబర్: సీఆర్‌సీ ఎర్రర్లు. ఇది పెరుగుతుంటే ముందు అనుమానించాల్సింది డ్రైవ్‌ని కాదు, సాటా కేబుల్‌ని. కేబుల్ మార్చి చూడండి. పాత లెక్క సున్నాకి రాదు. ఇంకా పెరగకుండా ఆగిందంటే సమస్య తీరినట్టే.

మా డ్రైవ్‌లో 197వ నంబర్ ఒక రోజు సున్నా నుంచి 8కి వచ్చింది. ఈ లెక్క తరచుగా ఎనిమిదేసి చొప్పున పెరుగుతుంది. ఎందుకంటే ఇప్పటి డ్రైవ్‌ల్లో అసలు సెక్టార్ సైజు 4,096 బైట్లు, లెక్క మాత్రం 512 బైట్ల చొప్పున వేస్తారు. అంటే 8 అంటే నిజానికి ఒక్క చోటే పాడైంది. ఒక్కసారి 8 వచ్చి నెలల తరబడి అక్కడే ఆగిపోతే కంగారు పడక్కర్లేదు, కనిపెట్టి ఉంటే చాలు. మాది మూడు రోజుల్లో 24 అయింది. లాంగ్ టెస్ట్ పెడితే మధ్యలో రీడ్ ఫెయిల్యూర్ అని ఆగింది. అంకె ఎంతుంది అన్నదానికంటే అది పెరుగుతోందా లేదా అన్నదే ముఖ్యం. పెరుగుతుంటే మార్చేయాల్సిందే.

స్మార్ట్ రిపోర్ట్ బాగుంది కదా అని నిశ్చింతగా ఉండటం కూడా కుదరదు. గూగుల్ తన డేటా సెంటర్ల డ్రైవ్‌ల మీద 2007లో ప్రచురించిన పేపర్‌లో ఒక సంగతి తేలింది. పాడైన డ్రైవ్‌ల్లో సగానికి పైగా, ముఖ్యమైన నాలుగు స్మార్ట్ సూచనల్లో ఒక్కటీ ఇవ్వకుండానే పోయాయి. అంటే సూచన వస్తే అది మన అదృష్టం. రాకపోవడం ఆరోగ్యానికి గ్యారంటీ కాదు.

ముందు బ్యాకప్, తర్వాతే స్క్రూడ్రైవర్

మిర్రర్ ఉంది కదా, ఇక బ్యాకప్ ఎందుకు అనుకుంటారు చాలామంది. రెయిడ్ ఉన్నది డ్రైవ్ పోయినా సర్వర్ ఆగకుండా ఉండటానికి. పొరపాటున ఫోల్డర్ డిలీట్ అయితే అది రెండు డ్రైవ్‌ల్లోనూ అదే క్షణంలో పోతుంది. ర్యాన్సమ్‌వేర్ వచ్చినా అంతే, పిడుగు పడినా అంతే. 1998లో పిక్సార్ స్టూడియోలో టాయ్ స్టోరీ 2 ఫైళ్లు ఒక తప్పు కమాండ్‌తో చెరిగిపోయాయి. బ్యాకప్ చూస్తే అది సరిగ్గా పని చేయడం లేదని అప్పుడు తెలిసింది. చిన్న బిడ్డ ఉండటంతో ఇంటి నుంచి పని చేస్తున్న గాలిన్ సుస్మన్ ఇంటి కంప్యూటర్‌లో ఉన్న కాపీయే ఆ సినిమాని కాపాడింది. వేరే చోట ఉన్న కాపీ విలువ అది.

డ్రైవ్ మార్చే సమయంలో ఈ అవసరం ఇంకా ఎక్కువ. రెండు డ్రైవ్‌లూ ఒకే రోజు కొన్నవైతే రెండింటి వయసూ ఒకటే, అవి తిన్న ఎండా ఒకటే. ఒకటి పోతుంటే రెండోది కుర్రాడిలా ఉంటుందని నమ్మకం లేదు. పైగా రీబిల్డ్ అంటే ఆ రెండో డ్రైవ్‌ని గంటల తరబడి ఆపకుండా చదివించడమే. మామూలు డ్రైవ్‌ల స్పెసిఫికేషన్‌లో, చదవలేని ఎర్రర్ 10 పవర్ 14 బిట్లకి ఒకటి దాటదని రాస్తారు. లెక్క వేస్తే దాదాపు 12.5 టీబీ చదివితే ఒకటి. అది కంపెనీ వేసుకున్న హద్దు, నిజంలో డ్రైవ్‌లు సాధారణంగా ఇంతకంటే బాగా పని చేస్తాయి. అయినా తాతయ్య వీడియోల్ని ఆ లెక్క మీద పందెం కాయలేం కదా.

అందుకే అలర్ట్ వచ్చిన రోజే చేసే పని ఒకటే: ఆ 600 జీబీ ఫోల్డర్‌ని యూఎస్‌బీ హార్డ్ డ్రైవ్‌లోకి తాజాగా కాపీ చేయడం. సెకనుకి 100 ఎంబీ వేగంతో రెండు గంటల్లోపే అయిపోతుంది. కాపీ అయ్యాక ఆ డ్రైవ్‌ని వేరే లాప్‌టాప్‌కి పెట్టి, పది ఫైళ్లు తెరిచి చూడండి. తెరుచుకోని బ్యాకప్ బ్యాకప్ కాదు. క్లౌడ్‌కి పంపుదాం అనుకుంటే టైమ్ లెక్క వేసుకోండి. 20 ఎంబీపీఎస్ అప్‌లోడ్‌తో 3 టీబీ ఎక్కడానికి దాదాపు 14 రోజులు పడుతుంది. డ్రైవ్ అన్ని రోజులు ఆగకపోవచ్చు.

కొత్త డ్రైవ్ కొనేటప్పుడు

ఇక్కడే ఊరికి ఊరికి తేడా వస్తుంది. హైదరాబాద్‌లో ఉంటే సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని సీటీసీకి వెళ్లి సాయంత్రానికి నాస్ డ్రైవ్ తెచ్చుకోవచ్చు. నరసరావుపేట లాంటి ఊళ్లో కంప్యూటర్ షాపులో ఉండేవి ఎక్కువగా ఎస్‌ఎస్‌డీలు, మామూలు డెస్క్‌టాప్ డ్రైవ్‌లే. నాస్ డ్రైవ్ కావాలంటే ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెట్టి రోజుల తరబడి ఎదురు చూడాలి. ఆ రోజులన్నీ మన డేటా ఒంటికాలి మీద నిలబడి ఉంటుంది. అందుకే చిన్న ఊళ్లో ఉండేవాళ్లు స్పేర్ డ్రైవ్ ఒకటి ముందే కొని బీరువాలో పెట్టుకోవడం సరైన ఖర్చు.

కొనేముందు చూడాల్సినవి:

మొదటిది, సీఎంఆర్ డ్రైవేనా? ఎస్‌ఎంఆర్ రకంలో ట్రాక్‌లు ఇంటి పైకప్పు పెంకుల్లా ఒకదాని మీద ఒకటి కొంచెం ఎక్కి ఉంటాయి. ఒక చోట రాయాలంటే పక్కవి కూడా తిరగరాయాలి. రోజువారీ కాపీల్లో తేడా తెలియదు గానీ రీబిల్డ్ లాంటి పెద్ద రాత వచ్చినప్పుడు నత్తనడక నడుస్తాయి, ఒక్కోసారి సర్వర్ ఆ డ్రైవ్ పాడైందనుకుని బయటికి గెంటేస్తుంది. 2020లో వెస్టర్న్ డిజిటల్ తన రెడ్ సిరీస్‌లో కొన్ని నాస్ డ్రైవ్‌లు ఎస్‌ఎంఆర్ అని ఒప్పుకోవాల్సి వచ్చింది. ఆ తర్వాతే సీఎంఆర్ వాటిని రెడ్ ప్లస్ అని వేరు చేసింది. సీగేట్‌లో ఐరన్‌వుల్ఫ్ సిరీస్ సీఎంఆర్. పేరుతో సరిపెట్టుకోకుండా మోడల్ నంబర్‌ని కంపెనీ సైట్‌లో వెతికి చూసుకోండి.

రెండోది, సీసీటీవీ షాపుల్లో దొరికే సర్వైలెన్స్ డ్రైవ్‌లు. డబ్ల్యూడీ పర్పుల్, సీగేట్ స్కైహాక్ ఇప్పుడు ప్రతి ఊళ్లోనూ దొరుకుతాయి. అవి 24 గంటలూ వీడియో రాయడానికి తయారైనవి. నాస్ డ్రైవ్ వచ్చేదాకా ఆగలేని పరిస్థితి అయితే, సీఎంఆర్ అని చూసుకుని వాడుకోవచ్చు. తీరిక ఉంటే మాత్రం నాస్ డ్రైవే మేలు.

మూడోది, మరీ చవగ్గా వచ్చే కొత్త డ్రైవ్‌లు. 2025 మొదట్లో జర్మనీలో ఒక వ్యవహారం బయటపడింది. వేల గంటలు వాడేసిన సీగేట్ డ్రైవ్‌ల్లో స్మార్ట్ గంటల్ని సున్నా చేసి కొత్తవిగా అమ్మారు. ఫార్మ్ అనే ఇంకో లాగ్‌లో అసలు గంటలు ఉండటంతో దొరికిపోయింది. డ్రైవ్ చేతికి రాగానే సీరియల్ నంబర్‌ని కంపెనీ వారంటీ పేజీలో కొట్టి చూడండి. రెడ్ ప్లస్, ఐరన్‌వుల్ఫ్‌లకి మామూలుగా మూడేళ్లు, ప్రో మోడళ్లకి ఐదేళ్లు వారంటీ.

రెండు డ్రైవ్‌లు కొనాల్సి వస్తే వేర్వేరు షాపుల్లో కొనండి. ఒకే బ్యాచ్‌లో లోపం ఉంటే రెండూ కలిసి పోకుండా ఉంటాయి.

కొత్త డ్రైవ్‌ని నమ్మే ముందు

కొత్తది అంటే మంచిది అని కాదు. కొరియర్‌లో ఎన్ని ఎత్తుల నుంచి పడిందో మనకి తెలియదు. కనీసం ఒక లాంగ్ స్మార్ట్ టెస్ట్ పెట్టండి. 8 టీబీ డ్రైవ్‌కి సగటున సెకనుకి 150 ఎంబీ అనుకుంటే దాదాపు 15 గంటలు. తొందర లేకపోతే బ్యాడ్‌బ్లాక్స్‌తో పూర్తి టెస్ట్ పెట్టొచ్చు. అది నాలుగు రకాల ప్యాటర్న్‌లు రాసి, ప్రతిదాన్నీ తిరిగి చదువుతుంది కాబట్టి 8 టీబీకి ఐదు రోజులు పడుతుంది. ఆ టెస్ట్ డ్రైవ్‌లో ఉన్నదంతా చెరిపేస్తుంది, ఖాళీ డ్రైవ్ మీద మాత్రమే వాడాలి. బీరువాలోని స్పేర్ డ్రైవ్‌కి ఈ టెస్ట్ ముందే అయిపోయి ఉంటే, అవసరం వచ్చిన రోజు ఈ ఐదు రోజులూ మిగులుతాయి.

మార్చే క్రమం

అన్నిటికంటే ముఖ్యమైన మాట: పాడవుతున్న డ్రైవ్‌ని ముందే పీకేయకండి. 24 పెండింగ్ సెక్టార్లు అంటే నిజానికి మూడు చోట్లు. మిగతా డ్రైవ్ అంతా ఇంకా చదవడానికి వస్తోంది. దాన్ని పీకేస్తే రెండో డ్రైవ్‌లో ఎక్కడైనా ఎర్రర్ వచ్చినప్పుడు ఆదుకునే కాపీ ఉండదు. దాన్ని ఉంచే కొత్తది కలిపితే జెడ్‌ఎఫ్‌ఎస్ రెండింటి నుంచీ చదువుకుంటుంది. ఒకదానిలో పాడైన బ్లాక్ ఇంకోదానిలో బాగుంటే అదే తీసుకుంటుంది, ప్రతి బ్లాక్‌కీ చెక్‌సమ్ ఉంటుంది కాబట్టి ఏది సరైనదో దానికి తెలుసు.

మదర్‌బోర్డ్‌లో ఖాళీ సాటా పోర్ట్ ఉంటే ఇలా చేయండి:

1. పాడైన డ్రైవ్ సీరియల్ నంబర్ రాసుకోండి. ఎస్‌డీఏ, ఎస్‌డీబీ అనే పేర్లని నమ్మొద్దు, రీబూట్‌కి అవి మారిపోవచ్చు. సీరియల్ నంబర్‌లో చివరి నాలుగు అక్షరాలు టేప్ మీద రాసి ప్రతి డ్రైవ్ ముందు భాగాన అంటించండి. మంచి డ్రైవ్‌ని పీకేసే ప్రమాదం అక్కడే తప్పుతుంది.

2. సర్వర్ షట్‌డౌన్ చేసి, ప్లగ్ తీసి, కొత్త డ్రైవ్‌ని ఖాళీ పోర్ట్‌కి పెట్టండి.

3. ఆన్ చేశాక పూల్‌లో పాత డ్రైవ్‌ని ఆఫ్‌లైన్ చేయకుండా, నేరుగా రీప్లేస్ నొక్కి కొత్తదాన్ని ఎంచుకోండి.

4. రీసిల్వర్ పూర్తయ్యేదాకా ఆగండి. జెడ్‌ఎఫ్‌ఎస్ డేటా ఉన్న చోట్లనే కాపీ చేస్తుంది. మా 3 టీబీకి ఆరున్నర గంటలు పట్టింది. మామూలు లైనక్స్ సాఫ్ట్‌వేర్ రెయిడ్ అయితే ఖాళీ చోటుతో సహా డ్రైవ్ మొత్తం కాపీ చేస్తుంది.

5. అయ్యాక ఒక స్క్రబ్ పెట్టండి. ఉన్న ప్రతి బ్లాక్‌నీ చదివి చెక్‌సమ్ సరిచూస్తుంది. ఎర్రర్లు సున్నా అని వచ్చాకే పాత డ్రైవ్‌ని బయటికి తీయండి.

ఖాళీ పోర్ట్ లేకపోతే పాతదాన్ని ఆఫ్‌లైన్ చేసి, షట్‌డౌన్ చేసి, అదే చోట కొత్తది పెట్టక తప్పదు. రీసిల్వర్ అయ్యేదాకా మీ డేటా ఒక్క డ్రైవ్ మీదే ఉంటుంది. బ్యాకప్ ముందు చేయమన్నది ఇందుకే.

స్టోరేజ్ పెంచడం

పూల్ 80 శాతం దాటాక పెంచే ఆలోచన మొదలుపెట్టాలి. ఎలాగూ ఒక డ్రైవ్ మారుస్తున్నాం కాబట్టి నేను 4 టీబీ స్థానంలో 8 టీబీ పెట్టాను. మిర్రర్‌లో ఒకటి 8, ఒకటి 4 ఉంటే వాడుకోగలిగేది చిన్నదాని సైజే. రెండోదాన్ని కూడా ఇదే క్రమంలో 8 టీబీకి మార్చాకే చోటు పెరుగుతుంది. రెండూ ఒకేసారి కొనే స్తోమత లేకపోతే ఈ నెల ఒకటి, ఆర్నెల్ల తర్వాత ఒకటి కొనొచ్చు. మిర్రర్‌లో ఉన్న సుఖం అదే. రెండోది మార్చాక చోటు పెరగకపోతే పూల్ పేజీలో ఎక్స్‌పాండ్ నొక్కండి. 8 టీబీ డ్రైవ్ 7.27గా కనిపిస్తే మోసం జరిగిందనుకోకండి. కంపెనీ వెయ్యి చొప్పున లెక్కపెడుతుంది, సాఫ్ట్‌వేర్ 1,024 చొప్పున.

వేరే దారులూ ఉన్నాయి. నాలుగు డ్రైవ్‌లు పట్టే బాక్స్ అయితే ఇంకో మిర్రర్ జత కలపొచ్చు. రెయిడ్‌జెడ్ వాడేవాళ్లకి ఇంతకుముందు ఒక్క డ్రైవ్ కలిపే వీలు ఉండేది కాదు. 2025 జనవరిలో వచ్చిన ఓపెన్‌జెడ్‌ఎఫ్‌ఎస్ 2.3తో ఆ వీలు వచ్చింది. సైనాలజీ నాస్‌ల్లో ఎస్‌హెచ్‌ఆర్ వాడితే వేర్వేరు సైజుల డ్రైవ్‌లు కలుపుకోవచ్చు.

ఒక్క ప్రమాదం మాత్రం గుర్తుపెట్టుకోండి. జెడ్‌ఎఫ్‌ఎస్‌లో అటాచ్ వేరు, యాడ్ వేరు. అటాచ్ అంటే ఉన్న డ్రైవ్‌కి తోడు. యాడ్ అంటే పూల్‌లో కొత్త భాగం. తోడు లేని ఒంటరి డ్రైవ్‌ని పూల్‌కి యాడ్ చేస్తే చోటు వెంటనే పెరుగుతుంది, కానీ ఆ ఒక్కటి పోయిన రోజు పూల్ మొత్తం పోతుంది. స్క్రీన్ మీద వార్నింగ్ వస్తే చదవకుండా ఓకే నొక్కకండి.

కరెంటు, ఎండ

మా పల్నాడులో రెంటచింతల ఎండల గురించి కొత్తగా చెప్పక్కర్లేదు. గది 40 డిగ్రీలుంటే లోపల తిరిగే డ్రైవ్ ఇంకో పది డిగ్రీలు పైన ఉంటుంది. చాలా డ్రైవ్‌లకి కంపెనీ ఇచ్చే హద్దు 60 డిగ్రీలు, ఆ దగ్గరికి పోనివ్వకూడదు. నేను 45 దాటితే అలర్ట్ వచ్చేలా పెట్టాను. సర్వర్‌ని మేడ గదిలో కాకుండా కింద గదిలో ఉంచి, డ్రైవ్‌ల ముందు 120 ఎంఎం ఫ్యాన్ ఒకటి పెట్టండి. రీసిల్వర్ లాంటి పెద్ద పని రాత్రి భోజనాలయ్యాక మొదలుపెడితే వేడీ తక్కువ, ఇంట్లో ఎవరూ వీడియోలు చూడరు కాబట్టి పనీ త్వరగా అవుతుంది.

ఇన్వర్టర్ ఉంది కదా, యూపీఎస్ ఎందుకు అని అమ్మ అడిగింది. ఇంటి ఇన్వర్టర్ కరెంటు పోయినప్పుడు మారడానికి కొంత సమయం తీసుకుంటుంది. చాలావాటి వెనక ఈకో, యూపీఎస్ అని స్విచ్ ఉంటుంది, దాన్ని యూపీఎస్ మోడ్‌లో పెడితే మార్పు వేగంగా జరుగుతుంది. కానీ బ్యాటరీ అయిపోతోందని ఇన్వర్టర్ సర్వర్‌కి చెప్పలేదు. యూఎస్‌బీ పోర్ట్ ఉన్న చిన్న యూపీఎస్ చెప్పగలదు. ట్రూనాస్‌లో యూపీఎస్ సర్వీస్ ఆన్ చేస్తే బ్యాటరీ తగ్గగానే సర్వర్ తనంతట తానే పద్ధతిగా ఆగిపోతుంది. ఇన్వర్టర్ లైన్ మీదే యూపీఎస్ పెడితే ఆ ఇన్వర్టర్ సైన్‌వేవ్‌దై ఉండాలి. స్క్వేర్‌వేవ్ అయితే కొన్ని యూపీఎస్‌లు దాన్ని కరెంటుగానే ఒప్పుకోవు.

తీసేసిన డ్రైవ్‌లు

రెండోసారి మార్చినప్పుడు బయటికి వచ్చిన 4 టీబీ డ్రైవ్ ఆరోగ్యంగానే ఉంది. దాన్ని ఫార్మాట్ చేసి, యూఎస్‌బీ కేస్‌లో పెట్టి, రెండో ఫోల్డర్ మొత్తం కాపీ చేసి వినుకొండలో అమ్మమ్మ ఇంట్లో పెట్టాం. మూడు కాపీలు, రెండు రకాల పరికరాలు, ఒకటి ఇంకో ఊళ్లో అనే 3-2-1 సూత్రానికి అది సరిపోయింది. పండగకి వెళ్లినప్పుడల్లా దాన్ని ఆన్ చేసి, కొత్త ఫైళ్లు ఎక్కించి, పాతవి తెరిచి చూస్తే చాలు.

పాడైన డ్రైవ్ సంగతి వేరు. అందులో ఆధార్ స్కాన్‌లు, పొలం కాగితాలు ఇంకా ఉంటాయి. పెండింగ్ సెక్టార్లున్న డ్రైవ్‌ని పూర్తిగా తుడవగలమన్న నమ్మకం లేదు. వారంటీలో పంపాలంటే, మొదట్నుంచీ ఎన్‌క్రిప్షన్ పెట్టుకున్న పూల్ అయితే నిశ్చింత. లేకపోతే వారంటీ డబ్బు ముఖ్యమా, ఆ కాగితాలు ముఖ్యమా అన్నది ఇంట్లో మాట్లాడుకుని తేల్చుకోండి. పారేసేటట్టయితే డ్రిల్లింగ్ మెషీన్‌తో పళ్లేలకి రెండు మూడు కన్నాలు వేశాకే పాత సామాన్లవాడికి ఇవ్వండి.

ఇక ఈ రాత్రికి మూడు పనులు: మీ డ్రైవ్‌లలో 5, 197, 198 నంబర్లు ఎంతున్నాయో తేదీతో సహా రాసుకోండి. నెలకోసారి స్క్రబ్, నెలకోసారి లాంగ్ టెస్ట్ షెడ్యూల్ చేసి, అలర్ట్ మెయిల్ మీ ఫోన్‌కి వస్తోందో లేదో ఒక టెస్ట్ మెయిల్ పంపి చూడండి. బ్యాకప్ నుంచి ఒక్క వీడియో వెనక్కి తెచ్చి, మొదటి నుంచి చివరి దాకా ప్లే చేయండి. ఈ మూడూ సరిగ్గా ఉంటే డ్రైవ్ పోయిన రోజున మీకు అయ్యే నష్టం ఆ డ్రైవ్ ఖరీదు మాత్రమే.